రవీంద్రుని ఆరుబయటి బడి

రవీంద్రనాథ ఠాకూరు పేరు వినగానే మనకు ‘గీతాంజలి’ స్ఫురిస్తుంది. 1913లో ఆయనకు లభించిన నోబెల్ బహుమతి గుర్తుకు వస్తుంది. మన జాతీయగీతం చెవులలో మ్రోగుతుంది. కవిగా, కథకుడిగా, నాటకకర్తగా, చిత్రకారుడిగా ఆయన కీర్తి దిగంతాలకు వ్యాపించింది. ఆ మహాకవి నలభై ఏళ్ళ వయసులో ఒక చిన్న బడిని తెరిచాడు. దానికి గోడలు లేవు, బల్లలు లేవు. చెట్టునీడే తరగతి గది, ఆకాశమే పైకప్పు. శేషజీవితంలోని నలభై సంవత్సరాలూ ఆయన ఆ బడి భారాన్ని తన భుజాలపై మోశాడు. ఆ బడి ఎందుకు పుట్టింది, ఎలా సాగింది, దానికోసం ఆయన ఏమేమి వదులుకున్నాడు అన్నది ఆయన కావ్యాలతో సమానంగా తెలుసుకోదగిన వృత్తాంతం.

రవీంద్రుడు 1861 మే 7వ తేదీన కలకత్తా నగరంలోని జొరాసాంకో భవనంలో దేవేంద్రనాథుడు, శారదాదేవి దంపతులకు పదునాలుగవ సంతానంగా జన్మించాడు. ఇల్లు విశాలమైనదే కాని, పిల్లలు మాత్రం నౌకర్ల చేతులలో పెరిగేవారు. శ్యామ్ అనే నౌకరు బాలుణ్ణి ఒకచోట కూర్చోబెట్టి, చుట్టూ సుద్దతో గిరి గీసి, దాటితే ఆపద తప్పదని బెదిరించి తన పనిమీద తాను వెళ్ళిపోయేవాడు. గీత దాటిన సీతమ్మకు వచ్చిన కష్టాలు రామాయణంలో విని ఉన్న ఆ పసివాడు గిరి దాటే సాహసం చేయలేదు. అదృష్టవశాత్తు ఆ పక్కనే ఒక కిటికీ ఉండేది. దాని రెక్కల సందులలోనుంచి కింద ఒక కొలను, తూర్పు గట్టున ఊడలు దిగిన మర్రిచెట్టు, దక్షిణ దిక్కున కొబ్బరితోట కనిపించేవి. కొలనులో స్నానం చేసే మనుషులను, నీటిలో మునిగితేలే బాతులను, మర్రి కింది చీకటి నీడలను చూస్తూ బాలుడు గంటల తరబడి గడిపేవాడు. ప్రకృతితో అతని తొలి పరిచయం కిటికీ చువ్వల వెనుకనుంచే జరిగింది.

తరువాత బడి వచ్చింది. మొదట చేరిన ఓరియంటల్ సెమినరీలో పాఠం అప్పజెప్పలేని పిల్లవాణ్ణి బల్లపై నిలబెట్టి, చేతులు చాపించి, అరచేతులపై పలకలు పేర్చేవారు. అక్కడ అతనికి పాఠాలకంటె శిక్షలే బాగా వంటబట్టాయి. ఇంటికి వచ్చి వరండాలోని కటకటాల చువ్వలను విద్యార్థులుగా భావించి, బెత్తం పట్టుకొని వాటిని కొట్టడం అతని ఆట అయింది. ఆ తరువాతి నార్మల్ స్కూలులో పిల్లలచేత అర్థం తెలియని ఆంగ్ల గేయాలు వల్లె వేయించేవారు. ఆపైన మరి రెండు బడులు మారినా అతని మనస్సు ఎక్కడా నిలవలేదు. కౌమారంలోనే బడికి స్వస్తి చెప్పాడు. ఇంటివారు అతనిపై ఆశ వదులుకున్నారు. అన్నల శిక్షణలో, ఇంట్లోని గ్రంథాల సాంగత్యంలో అతని చదువు సాగింది. బడి తనకు ఏమి చేసిందో మాత్రం ఆయన జీవితాంతం మరువలేదు.

బడి ఇవ్వలేని చదువు ఒక ప్రయాణంలో లభించింది. 1873లో ఉపనయనం జరిగిన పిమ్మట తండ్రి దేవేంద్రనాథుడు పన్నెండవ ఏట ఉన్న కుమారుణ్ణి వెంటబెట్టుకొని హిమాలయాలకు బయలుదేరాడు. దారిలో కొన్నాళ్ళు బీర్‌భూమ్ జిల్లాలోని బోల్పూరు సమీపాన, తాను ధ్యానం కోసం ఏర్పరచుకొన్న శాంతినికేతనంలో బస చేశాడు. నగరంలో పెరిగిన బాలునికి ఆ ఎర్రనేలల మైదానం, వాననీరు కోసిన చిన్న చిన్న లోయలు అద్భుత లోకంగా తోచాయి. రంగురంగుల గులకరాళ్ళు ఏరి, అంగీ అంచున మూటగట్టి తెచ్చి తండ్రికి చూపాడు. అవి ఎందుకని తండ్రి కసురుకోలేదు. సమీపంలోని మట్టిదిబ్బను వాటితో అలంకరించమని ప్రోత్సహించాడు. ఒకనాడు బాలుడు ఒక పల్లంలో ఊటనీటి మడుగును కనుగొని వచ్చి చెప్పగా, ఆనాటినుంచి తమ స్నానపానాలకు ఆ నీటినే తెప్పించాడు. ఆ విధంగా పిల్లవాడు కనుగొన్నదానికి విలువ కట్టాడు.

హిమాలయాలలోనూ ఇదే పద్ధతి కొనసాగింది. డల్హౌసీ వద్ద కొండపై బస చేసిన రోజులలో బాలుడు ఇనుపమొన గల కర్ర చేత పట్టుకొని దేవదారు వనాలలో ఒంటరిగా తిరిగేవాడు. జారిపడతాడని భయపడి తండ్రి అతణ్ణి ఆపలేదు. సాయంకాలం ఆకాశంలో నక్షత్రాలు మొలవగానే వాటి పేర్లు చెప్పి గుర్తుపట్టించేవాడు. ఖగోళశాస్త్ర విషయాలు వివరించేవాడు. బాలుడు విన్నదానిని వంగభాషలో తన మాటలతో వ్రాసుకొనేవాడు. సంస్కృత పాఠాలు, ఆంగ్ల పాఠాలు కూడ ఈ సంచారం నడుమనే జరిగాయి. సుద్దగీత నడుమ కూర్చున్న పిల్లవానికి ఆ నాలుగు నెలలు ఒక కొత్త జన్మ వంటివి. విద్య అనేది ఇలా కూడ ఉండవచ్చునని ఆయనకు అనుభవపూర్వకంగా తెలిసింది అప్పుడే.

యౌవనంలో రవీంద్రునికి తండ్రి జమీందారీ వ్యవహారాల భారం అప్పగించాడు. పద్మానది తీరాన శిలైదహాలో, పడవ ఇంటిలో ఆయన ఎన్నో ఏళ్ళు గడిపాడు. గ్రామీణ జీవితంలోని అందాన్నీ దారిద్ర్యాన్నీ అక్కడే దగ్గరగా చూశాడు. మాతృభాష ద్వారా కాక పరభాష ద్వారా సాగే చదువు పిల్లల మనస్సును ఎండగడుతున్నదని 1892లోనే ఒక వ్యాసంలో వివరించాడు. తన పిల్లలు బడి ఈడుకు వచ్చినప్పుడు వారిని తాను అనుభవించిన బడులకు పంపడానికి ఆయనకు మనసు ఒప్పలేదు. శిలైదహాలో ఇంటివద్దనే వారికి చదువు ఏర్పాటు చేశాడు. తన పిల్లలకు మేలైనది ఇతరుల పిల్లలకు మాత్రం ఎందుకు దక్కరాదన్న ఆలోచన క్రమంగా ఆయనలో బలపడింది.

ఆ ఆలోచనకు ప్రాచీన తపోవనాల ఆదర్శం తోడైంది. కాళిదాసు వర్ణించిన కణ్వాశ్రమంలో మొక్కలకు నీరు పోయనిదే శకుంతల తాను నీరు త్రాగదు. అటువంటి స్నేహం మనిషికీ ప్రకృతికీ నడుమ బాల్యంలోనే మొలకెత్తాలని రవీంద్రుడు విశ్వసించాడు. తండ్రి అనుమతితో 1901 డిసెంబరు 22న శాంతినికేతనంలో బ్రహ్మచర్యాశ్రమం పేర పాఠశాలను ప్రారంభించాడు. తొలినాడు విద్యార్థులు అయిదుగురు మాత్రమే. వారిలో ఆయన పెద్దకుమారుడు రథీంద్రనాథుడు ఒకడు. ఆరంభంలో ఆశ్రమ నియమాలు కఠినంగా ఉండేవి. పిల్లలకు స్వేచ్ఛ ఎంత అవసరమో గమనించిన కొద్దీ ఆయన వాటిని సడలిస్తూ వచ్చాడు.

ఆ బడిలో చదువు సాగిన తీరు విలక్షణమైనది. తెల్లవారకమునుపే పిల్లలు నిద్రలేచి, తమ గదులు తామే ఊడ్చుకొని, స్నానం చేసి, కొంతసేపు మౌనంగా ధ్యానంలో కూర్చునేవారు. తరువాత ఎవరి ఆసనం వారు చంకన పెట్టుకొని చెట్ల కిందికి నడిచేవారు. మామిడితోపులో ఒక తరగతి, సాలవృక్షాల బాటలో మరొక తరగతి. గురువు చుట్టూ శిష్యులు అర్ధవలయంగా కూర్చునేవారు. ఒక పాఠం ముగియగానే పిల్లలే మరొక గురువు ఉన్న చెట్టు వద్దకు వెళ్ళేవారు. పాఠం నడుమ ఒక కొత్త పక్షి కూస్తే దానిని గురించి మాట్లాడుకోవడం పాఠంలో భాగమే. ఎండాకాలం గడిచి తొలకరి జల్లు కురిసిందంటే తరగతులు కట్టిపెట్టి పిల్లలూ పెద్దలూ కలిసి వానలో తడవడానికి పరుగెత్తేవారు. వెన్నెల రాత్రులలో ఎర్రనేలల మీదుగా కోపై నది వైపు షికార్లు సాగేవి.

ఇదంతా కేవలం వినోదం అనుకోరాదు. దాని వెనుక ఒక నిశ్చితమైన విద్యాదృష్టి ఉంది. చెట్టును గురించి పుస్తకంలో చదివిన పిల్లవానికి దాని పేరు తెలుస్తుంది. ఏడాది పొడవునా అదే చెట్టు కింద కూర్చున్న పిల్లవానికి అది ఎప్పుడు ఆకు రాలుస్తుందో, ఎప్పుడు చిగురిస్తుందో, ఏ పిట్ట దానిపై గూడు కడుతుందో తెలుస్తుంది. ముందు చూపు, తరువాత ప్రశ్న, ఆ పిమ్మట పుస్తకం అన్నది ఆ బడి క్రమం. ఈ పనికి తగిన ఉపాధ్యాయులను కూడ రవీంద్రుడు ఎంచుకొన్నాడు. జమీందారీ కచేరీలో ఉద్యోగం చేస్తున్న జగదానంద రాయ్‌లోని శాస్త్రాభిరుచిని గుర్తించి ఆయనను గణిత, విజ్ఞానశాస్త్రాల ఉపాధ్యాయునిగా చేశాడు. ఆయన కీటకాలను, చెట్లను, పక్షులను, గ్రహనక్షత్రాలను గురించి పిల్లలకోసం సులభమైన వంగభాషలో పుస్తకాలు వ్రాశాడు. తేజేశ్‌చంద్ర సేన్ అనే మరొక ఉపాధ్యాయుడు ఒక తాటిచెట్టును నరకడం ఇష్టంలేక దానిని నడుమ ఉంచి చుట్టూ తన కుటీరం కట్టుకొన్నాడు. ఆ కుటీరానికి ‘తాళధ్వజ’ అని పేరు. గురువుల నడవడి కూడ అక్కడ పిల్లలకు ఒక పాఠమే.

ఈ పద్ధతి అందరికీ రుచించలేదు. క్రమశిక్షణకు పేరుపొందిన ఒక ప్రధానోపాధ్యాయుడు ఆశ్రమాన్ని చూడవచ్చినప్పుడు ఒక కుర్రవాడు చెట్టెక్కి, కొమ్మల పంగలో స్థిరంగా కూర్చొని చదువుకొంటున్నాడు. అది చూసి ఆయన ఆశ్చర్యపోయి నొచ్చుకొన్నాడు. చెట్టెక్కే కోరిక పిల్లలకు బాల్యంలోనే ఉంటుందనీ, పెద్దయిన తరువాత ఆ అవకాశం తిరిగి రాదనీ, చదువుకోసం దానిని చంపుకోవలసిన పని లేదనీ రవీంద్రుని సమాధానం. కొందరు తల్లిదండ్రులు ఇంట్లో అల్లరి పట్టలేని పిల్లలను దారికి తెచ్చే చోటుగా ఈ బడిని భావించేవారు. 1911–12 ప్రాంతంలో తూర్పు బెంగాల్, అస్సాం ప్రభుత్వం తన ఉద్యోగుల పిల్లలకు ఈ విద్యాలయం తగదని రహస్య ఉత్తరువు పంపింది. పెద్ద తరగతుల పిల్లలు కలకత్తా విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్షకు సిద్ధం కావలసి ఉండటంతో పరీక్షల నీడ ఆ చెట్ల నీడలోకి కూడ చొరబడింది. ఆ చిక్కు ఆయనను చివరివరకు బాధించింది.

బయటి ఒడిదుడుకుల కంటె ఇంటిలోని విషాదం మరింత తీవ్రమైనది. బడి ఖర్చులకోసం ఆయన పూరీలోని ఇంటిని అమ్మివేశాడు. భార్య మృణాళినీదేవి తన నగలను ఇచ్చింది. పిల్లలకు స్వయంగా వండి వడ్డించిన ఆ ఇల్లాలు బడి పెట్టిన ఏడాది తిరగకముందే, 1902 నవంబరులో కన్నుమూసింది. మరుసటి సంవత్సరం కుమార్తె రేణుక మరణించింది. 1904లో సతీశ్‌చంద్ర రాయ్ అనే యువ ఉపాధ్యాయుడు మశూచితో మరణించగా, పిల్లల క్షేమంకోసం బడిని కొంతకాలం శిలైదహాకు తరలించవలసి వచ్చింది. 1905లో తండ్రి పరమపదించాడు.

చిన్నకుమారుడు శమీంద్రనాథుడు అదే బడిలో చదివేవాడు. 1907లో వసంతపంచమి నాడు తోటి పిల్లలను కూడగట్టుకొని ఆశ్రమంలో ఋతు ఉత్సవాన్ని జరిపించినవాడు అతడే. పిల్లలు ఋతువుల వేషాలు ధరించి, పాడి, ఆడి వసంతానికి స్వాగతం పలికారు. అదే సంవత్సరం నవంబరులో, పదకొండవ ఏట, ఆ బాలుడు కలరా సోకి మరణించాడు. ఇంతటి దుఃఖంలో మరొకరైతే బడిని మూసివేసేవారు. రవీంద్రుడు తిరిగి చెట్ల కిందికే వచ్చాడు. మరుసటి సంవత్సరం పిల్లలచేత ఆడించడానికి శరదృతువును గురించి ఒక నాటకం వ్రాశాడు. కుమారుడు మొదలుపెట్టిన వేడుక క్రమంగా వసంతోత్సవంగా, వర్షామంగళంగా, ఋతువు ఋతువునా జరిగే పండుగగా ఆశ్రమ జీవితంలో స్థిరపడింది. పంచాంగంలోని ఋతువులను పిల్లలు పాటలతో, పూలతో, వానచినుకులతో తెలుసుకొనే సంప్రదాయానికి ఒక పసివాడు శ్రీకారం చుట్టాడు.

నోబెల్ బహుమతి ధనాన్ని రవీంద్రుడు రైతులకు అప్పులిచ్చే పతిసర్ వ్యవసాయ బ్యాంకులో నిక్షేపించి, వడ్డీని బడికి చెందేటట్లు ఏర్పాటు చేశాడు. 1915లో గాంధీజీ శాంతినికేతనానికి వచ్చినప్పుడు వంట, శుభ్రత మొదలైన పనులన్నీ విద్యార్థులు, గురువులే చేసుకోవాలని సూచించారు. మార్చి 10న ఆ ప్రయోగం మొదలైంది. అది ఎక్కువ కాలం నిలవకపోయినా, ఆ దినాన్ని ఏటా గాంధీ పుణ్యదినంగా పాటించే ఆచారం ఏర్పడింది. 1918లో రవీంద్రుడు ఒక చిలుక కథ వ్రాశాడు. చిలుకకు విద్య నేర్పించదలచిన రాజు దానికి బంగారు పంజరం చేయిస్తాడు. పండితులు గ్రంథాల కాగితాలను దాని నోట కుక్కుతారు. చివరికి చిలుక ప్రాణాలు విడుస్తుంది. దాని విద్య పూర్తయిందని రాజుకు విన్నవిస్తారు. చిన్నదైన ఆ కథలో ఆయన చిన్ననాటి బడి బాధంతా ఇమిడి ఉంది.

1921లో విశ్వభారతి అవతరించింది. చిన్నపిల్లల బడి అందులో భాగమై, తరువాత పాఠభవన్ అనే పేరు పొందింది. అయితే రవీంద్రుని మనస్సుకు ఒక వెలితి మిగిలింది. ఆశ్రమానికి వస్తున్నవారు ఎక్కువగా భద్రలోకపు పిల్లలు. చుట్టుపక్కల పల్లెల పిల్లలకు ఆ చదువు అందడం లేదు. ఆ లోటును తీర్చడానికి 1924లో శిక్షాసత్రను స్థాపించాడు. గ్రామ పునర్నిర్మాణ కార్యక్రమాన్ని నడిపిన లెనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అందుకు తోడ్పడ్డాడు. మూడేళ్ళకు ఆ బడి శ్రీనికేతనానికి తరలింది. అక్కడ పిల్లలకు తోటపని, చేతిపని, వంటపని అన్నీ పాఠాలే. విత్తనం నాటిన చేతికి లెక్కలు, నేల స్వభావం, నీటి విలువ కలిసే తెలియాలన్నది దాని ఉద్దేశం. అక్షరం రాని తండ్రి బిడ్డకు కూడ ప్రకృతి సమానంగా గురువే అని ఈ బడి చాటింది.

1928 వర్షాకాలంలో రవీంద్రుడు శాంతినికేతనంలో వృక్షారోపణ ఉత్సవాన్ని, శ్రీనికేతనంలో హలకర్షణ ఉత్సవాన్ని ప్రారంభించాడు. మొక్కను పల్లకిలో ఊరేగించి, పాటలతో నాటడం మొదటిదానిలోని విశేషం. ఒకప్పుడు దేవేంద్రనాథుడు రెండు ఏడాకులపాల చెట్లు తప్ప మరేమీ లేని బయలులో ధ్యానానికి కూర్చున్నాడు. ఆ బయలు గురుశిష్యుల చేతులమీదుగా వనంగా మారింది. విశ్వభారతి పట్టభద్రులకు ఏడాకులపాల ఆకులను అందించే సంప్రదాయం దీనినే గుర్తుచేస్తుంది.

తెలుగువారికి ఈ బడితో అనుబంధం ఉంది. నవ్యకవితకు ఆద్యుడైన రాయప్రోలు సుబ్బారావు శాంతినికేతనంలో కొంతకాలం గడిపారు. తరువాతి కాలంలో ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డి విశ్వభారతిలో చదివి, రవీంద్రుని రచనలను తెలుగు చేశారు. 1919లో రవీంద్రుడు మదనపల్లెలో విశ్రాంతి తీసుకొంటూ జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు.

వార్ధక్యంలో కూడ ఆయనకు విశ్రాంతి లేదు. డెబ్బై అయిదు ఏళ్ళ ప్రాయంలో నాటక బృందాన్ని వెంటబెట్టుకొని విశ్వభారతికి నిధులకోసం ఊరూరా తిరిగాడు. 1936లో ఢిల్లీలో ఆయన అవస్థ చూసి గాంధీజీ అరవై వేల రూపాయలు సమకూర్చి ఆ శ్రమను తప్పించారు. 1941 జూలై 25న చికిత్సకోసం ఆయనను శాంతినికేతనం నుంచి కలకత్తాకు తీసుకువెళ్ళారు. ఆగస్టు 7న, తాను పుట్టిన జొరాసాంకో భవనంలోనే రవీంద్రుడు తుదిశ్వాస విడిచాడు. ఏ ఇంట ఒక పసివాడు సుద్దగీత మధ్య భయంతో కూర్చున్నాడో, ఆ ఇంటనే ఆ జీవితం ముగిసింది.

1951లో విశ్వభారతి కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. 2023లో యునెస్కో శాంతినికేతనాన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. ఈ గౌరవాలకంటె ఆ కవి ఆశించినది చాలా చిన్నది: పసితనంలో ప్రతి బిడ్డకూ కొంత నేల, కొంత ఆకాశం, కాసింత తీరిక దొరకడం. తన చుట్టూ గీసిన గిరిని తాను దాటలేకపోయిన బాలుడు పెద్దవాడై ఇతరుల పిల్లల చుట్టూ ఉన్న గిరులను చెరపడానికి నలభై ఏళ్ళు శ్రమించాడు. నేడు మన ఊరి బడి ఆవరణలో కూడ ఒక వేపచెట్టో కానుగచెట్టో ఉంటుంది. దాని కింద పిల్లలు కూర్చొని, తలెత్తి కొమ్మల్లోకి చూసి, గురువును ఒక ప్రశ్న అడిగిన క్షణాన రవీంద్రుని బడి అక్కడ మొదలైనట్లే.